ఆఫీసులో ఒక కంప్యూటర్‌కి ఇంకో కంప్యూటర్ కనపడకపోతే: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముట్టుకోకూడదు

19వ తేదీ సాయంత్రం ఐదున్నరకి విజయవాడలోని ఒక ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, సర్వర్ కనపడట్లేదు. టాలీ ఎవరికీ ఓపెన్ అవ్వట్లేదు. రేపు జీఎస్టీ 3బీ రిటర్న్‌కి లాస్ట్ డేట్." అకౌంట్స్ చూసే ఆ అబ్బాయి గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. నేను వెళ్లేసరికి వాళ్లు మూడు గంటలుగా కుస్తీ పడుతున్నారు. ఒక సిస్టమ్‌లో ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేశారు. ఇంకోదాంట్లో యాంటీవైరస్ తీసేశారు. మూడోదాంట్లో ఎవరో చెప్పారని ఎస్‌ఎంబీ 1 (విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) ఆన్ చేశారు. నాలుగోది ఫార్మాట్ చేద్దామా అని ఆలోచిస్తున్నారు.

"ఇవాళ ఆఫీసులో ఏమైనా మారిందా?" అని అడిగాను. మధ్యాహ్నం ఇంటర్నెట్ వాళ్లు వచ్చి పాత రౌటర్ తీసి కొత్తది పెట్టి వెళ్లారట. అసలు సంగతి అదే. ఆ ఒక్క మార్పుతో రెండు చోట్ల సంబంధం తెగింది. రెండూ సరిచేయడానికి పావుగంట పట్టింది. మిగతా మూడు గంటల్లో మార్చినవన్నీ వెనక్కి తిప్పడానికి మాత్రం రాత్రి తొమ్మిదైంది.

ఇలాంటి ఆఫీసుల కోసమే ఇది రాస్తున్నాను. విండోస్ 10 లేదా 11 ఉన్న ఐదు నుంచి ఇరవై సిస్టమ్‌లు, వాటిలో ఒకదాన్నే "సర్వర్" అని పిలుచుకోవడం, అందులో ఒక షేర్డ్ ఫోల్డర్, ఒక ప్రింటర్. డొమైన్ (అన్ని సిస్టమ్‌ల లాగిన్లనూ ఒకే చోటి నుంచి నడిపే ఏర్పాటు) అంటూ ఏమీ ఉండదు. కమాండ్లను ఫోన్‌లో చెప్పేటప్పుడు పలికినట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

ముందు తెలియాల్సింది: ఏది తెగింది?

"కనపడట్లేదు" అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు సమస్యలు కలిసిపోతాయి. ఒకటి, రెండు సిస్టమ్‌ల మధ్య దారే లేకపోవడం. రెండు, దారి ఉన్నా పేరు చెబితే అడ్రస్ దొరక్కపోవడం. మూడు, అడ్రస్ దొరికినా అవతలి సిస్టమ్ లోపలికి రానివ్వకపోవడం. నాలుగు, అన్నీ బాగానే ఉన్నా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని నెట్‌వర్క్ లిస్టులో బొమ్మ రాకపోవడం. నా అనుభవంలో జనం ఎక్కువ కంగారు పడేది ఈ నాలుగోదానికే, నిజానికి అన్నిటికన్నా చిన్నది అదే. బొమ్మ కనపడకపోయినా పని నడుస్తుంది. బొమ్మ కనపడుతున్నా ఫోల్డర్ తెరుచుకోకపోవచ్చు.

కాబట్టి ఏ సెట్టింగూ మార్చకముందు ఈ పరీక్ష చేయండి.

సర్వర్ సిస్టమ్ దగ్గర కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. "ఐపీవీ4 అడ్రస్" ఎదురుగా ఉన్న నంబర్ రాసుకోండి. అది 192.168.1.10 అనుకుందాం. ఇప్పుడు సర్వర్ కనపడని సిస్టమ్ దగ్గరికి వచ్చి, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో \\192.168.1.10 అని కొట్టి ఎంటర్ చేయండి.

ఫోల్డర్లు తెరుచుకుంటే సమస్య పేరుదో, లిస్టుదో మాత్రమే. కేబుళ్లు, ఫైర్‌వాల్ జోలికి పోవద్దు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగితే దారి బాగుంది, తేలాల్సింది అనుమతి. చాలాసేపు తిరిగి తిరిగి చివరికి 80070035 అనే అంకెలున్న ఎర్రర్ వస్తే దారి లేదు, లేదా మధ్యలో ఫైర్‌వాల్ అడ్డుంది. ఈ మూడింటిలో మీది ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే. ఇదే పరీక్షను ఇంకో రెండు సిస్టమ్‌ల నుంచి కూడా చేయండి. ఎవరికీ రాకపోతే తప్పు సర్వర్‌లోనో స్విచ్‌లోనో (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఉంటుంది. ఒక్కరికే రాకపోతే ఆ ఒక్క సిస్టమ్ చూసుకుంటే చాలు. ఆ సాయంత్రం ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే నాలుగు సిస్టమ్‌లు కెలికే అవసరం వచ్చేది కాదు.

కేబుల్, స్విచ్: వంగి చూడాల్సిందే

స్క్రీన్ ముందు కూర్చుని ఈ పని అవ్వదు. టేబుల్ కిందకి వంగాలి. సిస్టమ్ వెనక కేబుల్ దూరే చోట లైటు వెలుగుతోందా, స్విచ్ వైపు అదే పోర్టు లైటు వెలుగుతోందా, రెండూ చూడండి.

ఒక ఆఫీసులో ఒకే సిస్టమ్ రోజుకి నాలుగైదుసార్లు నెట్‌వర్క్ నుంచి మాయమయ్యేది. కేబుల్ కొసన ఉండే ప్లాస్టిక్ క్లిప్ ఎప్పుడో విరిగిపోయింది. దాన్ని సెల్లో టేపుతో అతికించారు. ఆ టేపు ఎండకి పసుపు రంగు తిరిగి, అంచులు లేచి, దుమ్ము పట్టి ఉంది. చక్రాల కుర్చీ వెనక్కి జరిగినప్పుడల్లా కేబుల్ ఒక వెంట్రుకవాసి బయటికి వచ్చేది, లైటు ఆరిపోయేది. కుర్చీ ముందుకి జరగ్గానే మళ్లీ వెలిగేది. ఎన్ని సెట్టింగులు మార్చినా అది తేలే సమస్య కాదు. కొత్త కనెక్టర్ కొట్టిస్తే పోయింది. మెట్ల కింద, ఫాల్స్ సీలింగ్‌లో వెళ్లే కేబుళ్లను ఎలుకలు కొరకడం కూడా మన ఆఫీసుల్లో మామూలే.

అనుమానం వస్తే బాగా పనిచేస్తున్న పక్క సిస్టమ్ కేబుల్ తెచ్చి ఇక్కడ పెట్టి చూడండి. అంతకు మించిన టెస్టర్ అక్కర్లేదు. గిగాబిట్ స్విచ్ ఉండి కూడా ఆ సిస్టమ్ ఈథర్‌నెట్ స్పీడ్ 100 ఎంబీపీఎస్ అనో 10 అనో చూపిస్తుంటే, కేబుల్ లోపలి ఎనిమిది తీగల్లో ఏదో సరిగా తగలట్లేదేమో చూసుకోవాలి. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు.

ఆఫీసు మొత్తం ఒక్కసారిగా స్తంభించి, స్విచ్ మీద లైట్లన్నీ ఒకే తాళంలో వేగంగా కొట్టుకుంటుంటే ఒకే కేబుల్ రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉన్నాయేమో చూడండి. ఊడ్చేటప్పుడు వేలాడుతున్న కేబుల్ చూసి, ఎవరో మంచి ఉద్దేశంతో ఖాళీ పోర్టులో పెట్టేసి ఉంటారు. దాంతో సమాచారం గుండ్రంగా తిరుగుతూ నెట్‌వర్క్‌ని నింపేస్తుంది. ఆ కేబుల్ పీకగానే నిమిషంలో అంతా తేరుకుంటుంది.

ఐపీ అడ్రస్‌లు ఒకే వీధివేనా?

రెండు సిస్టమ్‌లలోనూ ఐపీకాన్ఫిగ్ కొట్టి నంబర్లు పక్కపక్కన రాసుకోండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అయితే మొదటి మూడు భాగాలూ ఒకటే ఉండాలి. 192.168.1.10, 192.168.1.25 ఒకే వీధి. 192.168.1.10, 192.168.0.25 వేర్వేరు వీధులు, మామూలుగా కలవవు.

169.254తో మొదలయ్యే నంబర్ కనిపిస్తే దాని అర్థం స్పష్టం. సిస్టమ్ రౌటర్‌ని అడ్రస్ అడిగింది, జవాబు రాలేదు, తనకి తానే ఒకటి పెట్టుకుంది. కేబుల్, స్విచ్, రౌటర్ చూసుకోండి. కరెంటు పోయి వచ్చిన తర్వాత ఇలా జరుగుతుంటే, రౌటర్ లేవడానికి ముందే సిస్టమ్ లేచి ఉండవచ్చు. అప్పుడు ఐపీకాన్ఫిగ్ స్పేస్ స్లాష్ రెన్యూ కొడితే కొత్త అడ్రస్ వస్తుంది. రౌటర్‌నీ స్విచ్‌నీ కూడా యూపీఎస్ మీద పెట్టించండి. సిస్టమ్‌లకి యూపీఎస్ ఉండి స్విచ్‌కి లేని ఆఫీసులు చాలా చూశాను.

ఆ ఆడిటర్ గారి ఆఫీసులో మొదటి తెగింపు ఇక్కడే. సర్వర్‌కి ఎప్పుడో చేత్తో 192.168.1.10 అని పెట్టారు. కొత్త రౌటర్ వేరే వరస నంబర్లు పంచుతోంది. మిగతా సిస్టమ్‌లన్నీ కొత్త వీధికి మారిపోయాయి, సర్వర్ ఒక్కటే పాత వీధిలో మిగిలింది. సర్వర్‌లో ఇంటర్నెట్ కూడా రావట్లేదని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. దీనికి రెండు మందులున్నాయి. కొత్త రౌటర్ లాన్ (ఆఫీసు లోపలి వైపు) అడ్రస్‌ని పాత రౌటర్ అడ్రస్‌కే మార్చడం ఒకటి, సర్వర్‌ని ఆటోమేటిక్‌కి మార్చి రౌటర్‌లో దానికి ఒక నంబర్ రిజర్వ్ చేయడం రెండోది. నేనైతే రెండోదే చేస్తాను. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. అక్కడ సర్వర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి సొంతంగా ఉండే గుర్తింపు నంబర్) ఎదురుగా కావాల్సిన ఐపీ రాస్తే ఇక అది మారదు. ప్రింటర్‌కీ అలాగే చేయండి. చేత్తో పెట్టిన నంబర్‌నే రౌటర్ ఇంకెవరికో ఇచ్చి ఇద్దరూ కొట్టుకునే ప్రమాదం కూడా దీంతో తప్పుతుంది.

రెండు రౌటర్ల చిక్కు

ఇది కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే చిన్న ఆఫీసుల్లో ఇది చాలా ఎక్కువ. ఫైబర్ వాళ్ల రౌటర్ ఒకటి ఉంటుంది. లోపలి గదికి వైఫై అందట్లేదని బజార్లో ఇంకో రౌటర్ కొంటారు. మొదటి రౌటర్ నుంచి కేబుల్ తెచ్చి దాని వాన్ పోర్టులో (ఇంటర్నెట్ వచ్చే వైపు) పెడతారు. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది. కానీ లోపలి గది ఇప్పుడు వేరే నెట్‌వర్క్. దీనికో గుర్తు ఉంది. లోపలి గది నుంచి ఐపీ కొడితే బయటి గదిలోని సర్వర్ తెరుచుకుంటుంది, బయటి నుంచి లోపలికి మాత్రం పోదు. నెట్‌వర్క్ లిస్టులో అయితే ఒకరికొకరు అసలు కనపడరు.

దీన్ని సరిచేసే వరస ఇది:

1. రెండో రౌటర్‌కి ఒక ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో కలిపి, దాని సెట్టింగ్స్ పేజీ తెరవండి. ఆపరేషన్ మోడ్‌లో యాక్సెస్ పాయింట్ అని ఉంటే అది ఎంచుకుని సేవ్ చేయండి. కొన్ని మోడళ్లు అంతటితోనే సర్దుకుంటాయి.
2. ఆ మోడ్ లేకపోతే, ముందు దాని లాన్ ఐపీని మొదటి రౌటర్ వరసలోని ఖాళీ నంబర్‌కి మార్చండి. మొదటిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వవచ్చు, అది ఇంకెవరికీ లేదని చూసుకుని.
3. తర్వాత దాని డీహెచ్‌సీపీ సర్వర్‌ని ఆఫ్ చేయండి. ఇది మర్చిపోతే ఆఫీసులో అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరవుతారు. ఎవరికి ఏ నంబర్ వస్తుందో చెప్పలేని పరిస్థితి వస్తుంది.
4. చివరగా మొదటి రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టు నుంచి తీసి లాన్ పోర్టులో పెట్టండి.

వరస తప్పకండి. డీహెచ్‌సీపీ ఆఫ్ చేయకుండా కేబుల్ లాన్‌లో పెడితే, అప్పటిదాకా బాగున్న గదులు కూడా చెడతాయి.

వైఫైతో కలిసిన ల్యాప్‌టాప్ ఒక్కటే ఇబ్బంది పెడుతుంటే అది గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్ ఉన్నదే ఆఫీసు సిస్టమ్‌లను బయటివాళ్లకి అందకుండా ఉంచడానికి. మామూలు వైఫైలోనే ఉంటే రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ అనేది ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఇంటర్నెట్ వస్తుంది కానీ సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడలేవు. వీపీఎన్ నడుస్తుంటే ఒకసారి ఆపి చూడండి.

పింగ్ చెప్పేది జాగ్రత్తగా వినండి

అవతలి సిస్టమ్‌ని పలకరించి జవాబు వస్తుందేమో చూసే కమాండే పింగ్. పింగ్ 192.168.1.10 అని కొట్టండి. జవాబులు వస్తే దారి ఉంది. రాకపోతే "కేబుల్ పోయింది" అని తీర్మానించకండి. ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసినా జవాబు రాదు. ఒకే వీధిలో ఉన్న సిస్టమ్‌లైతే వచ్చే మాటలోనే తేడా తెలుస్తుంది. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని మీ సొంత ఐపీ నుంచే వస్తే, ఆ నంబర్‌తో ఎవరూ పలకలేదని. కేబుల్, స్విచ్, ఐసొలేషన్, అసలు ఆ సిస్టమ్ ఆన్‌లో ఉందా అన్నది చూడండి. "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్" అని వస్తే సాధారణంగా అవతల మనిషి ఉన్నాడు, తలుపు తీయట్లేదు. అప్పుడు వెంటనే ఏఆర్‌పీ స్పేస్ మైనస్ ఏ అని కొట్టండి. లిస్టులో ఆ ఐపీ పక్కన ఫిజికల్ అడ్రస్ (అంటే మ్యాక్ అడ్రస్) కనిపిస్తే కేబుళ్లన్నీ బాగున్నాయి, అడ్డుపడేది ఫైర్‌వాలే. టేబుళ్ల కిందకి దూరే శ్రమ తప్పినట్టే.

అసలు పరీక్ష మాత్రం పోర్ట్ 445. ఇది కేబుల్ గుచ్చే పోర్టు కాదు, సిస్టమ్ లోపలి తలుపు నంబర్. ఫైల్ షేరింగ్ నడిచేది దాని మీదే. పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్, ఆ తర్వాత సర్వర్ ఐపీ, ఆ తర్వాత మైనస్ పోర్ట్ 445 అని కొట్టండి. చివరి లైన్ ట్రూ అంటే తలుపు తెరిచే ఉంది, ఇక మిగిలింది పాస్‌వర్డ్, అనుమతులు. ఫాల్స్ అంటే సర్వర్‌లో ఫైర్‌వాల్‌నో నెట్‌వర్క్ ప్రొఫైల్‌నో చూడాలి.

పబ్లిక్, ప్రైవేట్: రెండో తెగింపు ఇక్కడే

విండోస్ ప్రతి నెట్‌వర్క్‌నీ పబ్లిక్ అనో ప్రైవేట్ అనో గుర్తుపెట్టుకుంటుంది. పబ్లిక్ అంటే బస్టాండ్ వైఫై లాంటిదని దాని లెక్క. కాబట్టి తాను ఎవరికీ కనపడదు, ఫైల్ షేరింగ్ తలుపు మూసేస్తుంది. రౌటర్ మార్చినప్పుడు కొత్త రౌటర్ మ్యాక్ అడ్రస్ వేరు కాబట్టి విండోస్‌కి అది కొత్త ఊరు. "నెట్‌వర్క్ 2" అని పేరు పెట్టి చాలాసార్లు పబ్లిక్‌లో పడేస్తుంది. కేబుల్ అదే, స్విచ్ అదే, ఇంటర్నెట్ వస్తోంది, షేరింగ్ మాత్రం ఉండదు. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఆగిపోయిందంటే నేను ముందు చూసేది ఇదే.

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ తెరిచి ప్రైవేట్ నెట్‌వర్క్ ఎంచుకోండి. వైఫై అయితే ఆ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో ఉంటుంది. తర్వాత అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. విండోస్ 10లో అయితే ఈ రెండు షేరింగ్ సెట్టింగులూ కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో ఉంటాయి. పబ్లిక్ కింద ఉన్నవాటిని ఆన్ చేయకండి. ఆ ల్యాప్‌టాప్ రేపు నిజంగానే ఏ హోటల్ వైఫైకో కలిసినప్పుడు మీ క్లయింట్ల ఫైళ్లు తలుపు తీసుకుని కూర్చుంటాయి.

ఇది సర్వర్‌లో తప్పకుండా చేయాలి, మిగతావాటిలో కూడా చేయడం మంచిది. ప్రైవేట్ చేశాక కూడా 445 పరీక్ష ఫాల్స్ అంటుంటే, విడిగా కొన్న యాంటీవైరస్‌కి సొంత ఫైర్‌వాల్ ఉందేమో చూడండి. దాంట్లోనూ ఈ నెట్‌వర్క్‌ని నమ్మకమైనదిగా గుర్తించాలి. పరీక్ష కోసం రెండు నిమిషాలు ఆపి చూడటంలో తప్పులేదు, ఆపి వదిలేయడమే తప్పు.

లిస్టులో బొమ్మ రావాలంటే

ఐపీ కొడితే తెరుచుకుంటోంది, నెట్‌వర్క్ లిస్టులో మాత్రం లేదు. పాత విండోస్‌లో ఈ లిస్టుని కంప్యూటర్ బ్రౌజర్ అనే సర్వీస్ తయారుచేసేది. అది ఎస్‌ఎంబీ 1 మీద ఆధారపడేది. 2017లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్తగా వేసే సిస్టమ్‌లలో ఎస్‌ఎంబీ 1 మామూలుగా ఉండట్లేదు. 2018లో 1803 వెర్షన్‌తో హోమ్‌గ్రూప్ అనే పాత షేరింగ్ సదుపాయం కూడా తీసేశారు. ఇప్పుడు లిస్టు పని వేరే సర్వీసులు చూస్తున్నాయి.

విండోస్ కీ, ఆర్ నొక్కి సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ అని కొట్టండి. ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే దాన్ని వెతకండి. "నేనున్నాను" అని చాటింపు వేసేది అదే. కాబట్టి ఎవరు కనపడట్లేదో ఆ సిస్టమ్‌లో దీన్ని ఆటోమేటిక్ డిలేయ్‌డ్ స్టార్ట్‌కి మార్చి స్టార్ట్ చేయండి. ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్ అనేది వెతికేవాళ్ల వైపు పని. చూడాలనుకునే సిస్టమ్‌లో అది నడవాలి. వీటితోపాటు ఎస్‌ఎస్‌డీపీ డిస్కవరీ, యూపీఎన్‌పీ డివైస్ హోస్ట్ కూడా నడుస్తున్నాయో లేదో చూడండి. నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేసి సేవ్ చేసినా మళ్లీ ఆఫ్‌లోకి వచ్చేస్తుంటే వీటిలో ఏదో ఆగిపోయి ఉంటుంది. లిస్టు నిండడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు, ఓపిక పట్టండి.

పేరుతో తెరుచుకోకుండా ఐపీతో మాత్రమే తెరుచుకుంటే, సర్వర్‌లో హోస్ట్‌నేమ్ అని కొట్టి అసలు పేరు ఏంటో చూడండి. డెస్క్‌టాప్ అని మొదలై తర్వాత అర్థం లేని అక్షరాలున్న పేర్లే చాలా ఆఫీసుల్లో ఉంటాయి. ఒక్క అక్షరం తప్పు కొట్టినా దొరకదు. పేరు 15 అక్షరాల లోపు, స్పేస్ లేకుండా పెట్టుకోండి. ఒకే పేరు ఇద్దరికి ఉండకూడదు. సిస్టమ్‌ల గుంపుకి పెట్టే పేరు, అంటే వర్క్‌గ్రూప్ పేరు, వేరుగా ఉండటం వల్లే కలవట్లేదని చాలామంది అనుకుంటారు. అది వేరైనా ఫోల్డర్ తెరుచుకుంటుంది.

పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే

ఇది వచ్చిందంటే నెట్‌వర్క్ బాగుంది. ఇక్కడ నేను పదేపదే చూసే తప్పు పిన్ నంబర్ కొట్టడం. ఉదయం సిస్టమ్ తెరిచే నాలుగంకెల పిన్ ఆ సిస్టమ్ ముందు కూర్చున్నవాళ్లకే. నెట్‌వర్క్ మీద అది చెల్లదు, అకౌంట్ అసలు పాస్‌వర్డే కావాలి. ఆ అకౌంట్‌కి పాస్‌వర్డే లేకపోతే, ఖాళీ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ నుంచి విండోస్ రానివ్వదు.

శుభ్రమైన పద్ధతి ఏంటంటే, సర్వర్‌లో షేరింగ్ కోసమే ఒక లోకల్ అకౌంట్ తయారుచేసి మంచి పాస్‌వర్డ్ పెట్టండి. మిగతా సిస్టమ్‌ల నుంచి అడిగినప్పుడు సర్వర్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ యూజర్ పేరు కొట్టి, గుర్తుంచుకో అనే టిక్ పెట్టండి. పాత పాస్‌వర్డ్ దాచి ఉంటే క్రెడెన్షియల్ మేనేజర్‌లో విండోస్ క్రెడెన్షియల్స్ కింద సర్వర్ పేరు వెతికి తీసేయండి. 1219 ఎర్రర్ వస్తే ఒకే సర్వర్‌కి రెండు వేర్వేరు యూజర్లతో కలవబోతున్నారని అర్థం. పని సేవ్ చేసుకుని, నెట్ యూజ్ స్పేస్ స్టార్ స్పేస్ స్లాష్ డిలీట్ కొట్టి మళ్లీ మొదలుపెట్టండి.

లోపలికి వెళ్లాక "యాక్సెస్ డినైడ్" అంటే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్, సెక్యూరిటీ ట్యాబ్ రెండూ చూడాలి. రెండింటిలో ఏది కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది. షేరింగ్‌లో అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చి, సెక్యూరిటీలో ఆ యూజర్‌ని చేర్చకపోతే పని జరగదు.

కొత్త సిస్టమ్ కొన్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ యాక్సెస్‌ని ఆపేశారు, ఎస్‌ఎంబీ సైనింగ్‌ని (మధ్యలో ఎవరూ మార్చలేదని తేల్చే డిజిటల్ సంతకం) తప్పనిసరి చేశారు. పాత సిస్టమ్‌లు ఏళ్ల తరబడి పాస్‌వర్డ్ లేకుండా తెరిచిన ఫోల్డర్, ముఖ్యంగా పాత నాస్ పెట్టెల్లోది (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్), కొత్త సిస్టమ్‌లో తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం. పైన చెప్పినట్టు పాస్‌వర్డ్ ఉన్న అకౌంట్ పెట్టుకోవడమే దీనికి సరైన పరిష్కారం. కొత్త సిస్టమ్‌లో ఆ రక్షణ తీసేయమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు.

ఒక సిస్టమ్ హార్డ్ డిస్క్‌ని క్లోన్ చేసి పది సిస్టమ్‌లలో వేసిన ఆఫీసులు దీన్ని కూడా గమనించాలి. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్ల తర్వాత, లోపలి గుర్తింపు నంబర్ ఒకటే ఉన్న విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 సిస్టమ్‌లు ఒకదాన్నొకటి లోపలికి రానివ్వట్లేదు. పాస్‌వర్డ్ సరైనదే అయినా తప్పు అంటుంది. సిస్‌ప్రెప్ (క్లోన్ చేసే ముందు ఆ గుర్తింపు నంబర్‌ని తీసేసే విండోస్ టూల్) నడపకుండా క్లోన్ చేస్తే ఇలా అవుతుంది. వాటిని సరైన పద్ధతిలో మళ్లీ ఇన్‌స్టాల్ చేయించడం తప్ప శాశ్వతమైన దారి లేదు.

ఫోల్డర్ తెరుచుకుంటోంది, టాలీ లైసెన్స్ మాత్రం దొరకట్లేదంటే అది వేరే తలుపు. మల్టీ యూజర్ లైసెన్స్ సాధారణంగా పోర్ట్ 9999 మీద పలుకుతుంది. అదే టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆ నంబర్‌తో చేసి, సర్వర్ ఫైర్‌వాల్‌లో దానికి అనుమతి ఉందో లేదో చూడండి. అలాగే విండోస్ 10, 11లకి ఒకేసారి 20 సిస్టమ్‌ల వరకే కలవగలవు. ఇరవై ఒకటో వారికి మాత్రమే రావట్లేదంటే కారణం అదే కావచ్చు.

ఎస్‌ఎంబీ 1 ఎందుకు వద్దంటున్నాను

2017 మే 12న మొదలైన వనాక్రై (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి ఆ పాత ఎస్‌ఎంబీ 1 లోపం మీదుగానే ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్‌ని మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు నష్టపోయారు. ఆడిటర్ ఆఫీసులో ఉండేవి సొంత ఫైళ్లు కావు, వందమంది క్లయింట్ల లెక్కలు. లిస్టులో ఒక బొమ్మ కోసం ఆ తలుపు తెరవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

విండోస్ 7 సిస్టమ్ ఉంది కాబట్టి ఎస్‌ఎంబీ 1 కావాలని చెబుతారు. అది నిజం కాదు, విండోస్ 7కి ఎస్‌ఎంబీ 2 వచ్చు. ఎక్స్‌పీకి మాత్రమే పాతది తప్ప రాదు. ఎక్స్‌పీ మీద ఇంకా ఏదైనా నడుస్తుంటే పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు మార్చుకుని దాన్ని నెట్‌వర్క్ నుంచి తీసేయండి. పాత జిరాక్స్ మెషీన్ స్కాన్లు ఫోల్డర్‌లోకి పంపలేకపోతుంటే, దాని సెట్టింగ్స్‌లో ఈమెయిల్‌కి పంపే దారి ఉందేమో చూడండి.

పని అయ్యాక

కుస్తీ పట్టేటప్పుడు ఆపినవన్నీ తిరిగి ఆన్ చేయండి. అన్ని సిస్టమ్‌లలోనూ ఫైర్‌వాల్ ఆన్, యాంటీవైరస్ ఆన్, విండోస్ ఫీచర్స్‌లో ఎస్‌ఎంబీ 1 టిక్ తీసేసి ఉందా అని ఒక్కొక్కటిగా చూసుకోండి. సర్వర్ పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని నెవర్‌కి మార్చండి. మధ్యాహ్నం భోజనాల తర్వాత సర్వర్ మాయమైపోతోందని వచ్చే ఫోన్లు దీనితో చాలావరకు ఆగుతాయి. సర్వర్ ఫోల్డర్లను డ్రైవ్‌లుగా మ్యాప్ చేసుకునేటప్పుడు సర్వర్ పేరు వాడండి, ఐపీని పరీక్షలకి వాడుకోండి.

తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకోండి. రౌటర్ అడ్రస్, సర్వర్ పేరు, దాని ఐపీ, ప్రింటర్ ఐపీ, స్విచ్‌లో ఏ పోర్టు ఏ టేబుల్‌కి వెళ్తుందో, రౌటర్ మార్చిన తేదీ రాసి, స్విచ్ ఉన్న చోట గోడకి అంటించండి. పాస్‌వర్డ్‌లు దాని మీద రాయకండి, అవి ఆడిటర్ గారి దగ్గర విడిగా ఉంటాయి. ఆ ఆఫీసులో ఆ కాగితాన్ని నాకు ఫోన్ చేసిన అబ్బాయే రాసి అంటించాడు. రెండు నెలల తర్వాత ప్రింటర్ రావట్లేదని మళ్లీ ఫోన్ చేశాడు. "కాగితంలో ఉన్న ఐపీకి పింగ్ కొట్టానన్నా, అన్‌రీచబుల్ అంటోంది, కేబుల్ చూస్తున్నా ఉండండి" అన్నాడు. నేను లైన్‌లో ఉండగానే కేబుల్ మళ్లీ గుచ్చాడు, ప్రింట్ వచ్చింది.